వాకీలో నా పేరు

మా సైట్లో క్రేను బరువు ఎత్తాలంటే ముందు సేఫ్టీ మనిషి వాకీటాకీలో సరేననాలి. ఆ సేఫ్టీ మనిషిని నేనే. తోరణగల్లు దాటాక కొత్తగా లేస్తున్న ఒక షెడ్డు దగ్గర, ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో నా ఉద్యోగం. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. ఆ తర్వాత సేఫ్టీ డిప్లొమా కూడా చేశాను. నా పేరు రంజిత.

సైట్లో మాత్రం అందరికీ బుజ్జిని.

మొదలుపెట్టింది మా ఇన్‌చార్జి హరిబాబు సార్. ఆయనది క్యాంపు, అంటే వలస వచ్చిన రైతుల ఊరు. కాలువ కింద వరి పండించడానికి ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మా అమ్మ దుర్గక్క, సార్ వాళ్ళ మడుల్లోనే నాట్లు వేస్తుంది, కలుపు తీస్తుంది. అమ్మ వెంట పోయి గట్టు మీద కూర్చునే వయసు నుంచీ ఆయన నన్ను ఎరుగుదురు. ఈ ఉద్యోగానికి నా గురించి చెప్పింది కూడా ఆయనే. అందుకే మొదటిరోజు అందరి ముందూ "మా బుజ్జి, ఇక మన సేఫ్టీ" అని పరిచయం చేస్తే నవ్వి ఊరుకున్నాను. ఆయన మనసులో చెడు లేదు. ఇప్పటికీ అదే అంటాను.

కానీ వాకీలో పడిన మాట అందరిదీ అవుతుంది. వెల్డర్లు బుజ్జీ అన్నారు. ఇసుక లారీ తెచ్చే డ్రైవరు బుజ్జీ అన్నాడు. బరువులకు బెల్టు కట్టే సిద్ధేశ్ నాకంటే చిన్నవాడు, వాడు కూడా "బుజ్జీ, టీ ఆయ్తా?" అని కన్నడంలో టీ అయిందా అని అడిగేవాడు.

ఒక రోజు ఇనుప దూలం ఎత్తబోతుంటే, బెల్టు అంచు చిరిగి ఉండటం చూసి వాకీలో "ఆపండి" అన్నాను.

"బుజ్జి ఆపమంటాండాదప్పో!" అని సిద్ధేశ్ రాగం తీశాడు. ఎవరో నవ్వారు. దూలం నేల వదిలింది. నేను మళ్ళీ అరిచాను. మళ్ళీ నవ్వారు. దాని కిందనే, కూలికి వచ్చే యల్లమ్మ వంగి ఇనుప ముక్కలు ఏరుతోంది. క్రేన్ డ్రైవర్ తాయప్ప తనంతట తానే బెల్టు చూసుకుని దించాడు కాబట్టి సరిపోయింది.

ఆ సాయంత్రం అమ్మకు చెప్పాను. "సైట్లో పేరు పెట్టి పిలవమని సార్‌ని అడుగుతా మా."

"ఎవుర్ని, హరిబాబునా?" అమ్మ బియ్యం చేట పక్కన పెట్టింది. "పని ఇప్పిచ్చినోడు. బుజ్జీ అంటే నీకేమన్నా ముల్లు గుచ్చుకుంటాదా?"

"నాకు గుచ్చుకుంటే ఓర్చుకుంటా. నేను ఆపమంటే ఎవురూ ఆపలే. కింద యల్లమ్మ ఉండె."

అమ్మ చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. "రేపు వాళ్ళ మడిలోకి పోవాల్సింది నేను గదా," అంది.

"అది గూడా ఆలోచించినా."

"ఆలోచించి గూడా అడుగుతావా?"

"అడుగుతా."

"అట్లయితే కోపంగా అడగొద్దు," అంది అమ్మ.

కోపంగా అడగలేదు. పొద్దున్నే ఆయన గదికి వెళ్ళి చెప్పాను. ఆయన నవ్వారు. "ముద్దుగా పిలిస్తే తప్పా? అంత పెద్దదానివి అయిపోయావా?"

"తప్పని కాదు సార్. పనిలో వద్దని."

"సరేలే బుజ్జీ, వెళ్ళు."

గంట కూడా కాలేదు, వాకీలో సార్ గొంతు పలికింది. "బుజ్జీ, రెండో దూలం రెడీ. ఎత్తమంటావా?"

వాకీలో మనిషి పేరూ, చేసే పనీ చెప్పి పిలవాలి. అలా పిలవకపోతే జవాబివ్వకూడదు. నేను చేరిన రోజు ఈ నియమం చదివి వినిపించింది హరిబాబు సారే. దాన్ని ఎవరూ పాటించరు. ఆ రోజు నేను పాటించాలనుకున్నాను. దూలం నేల మీదే ఉంది, ఆలస్యమైతే ఎవరికీ ప్రమాదం లేదు. అది చూసుకున్నాకే బటన్ మీంచి వేలు తీశాను.

"బుజ్జీ, వినిపిస్తోందా?"

"బ్యాటరీ పోయుండాది సార్," అన్నాడు సిద్ధేశ్.

"యాడ పోయుండాది? వాకీ చేతిలో పట్టుకోని నా ఎదురుగానే నిలబడుండాది," అన్నాడు క్రేను లోంచి తాయప్ప.

సైటంతా వింటోంది. హరిబాబు సార్ గదిలోంచి విసవిసా నడిచి వచ్చారు.

"సార్, హెల్మెట్," అన్నాను.

ఆయన తల తడుముకున్నారు. ఎవరో అందిస్తే పెట్టుకున్నారు. "ఏంటమ్మా ఇది? పని ఆపేశావు!"

"నేను ఆపలేదు సార్. నన్ను ఎవరూ పిలవలేదు."

"ఇందాకటి నుంచి పిలుస్తూనే ఉన్నాను గదా!"

"నా పేరు రంజిత సార్." వాకీ కిందికి దించాను. "నిన్న ఆపమంటే, బుజ్జి చెప్పిందని నవ్వినారు. కింద మనిషి ఉండె. ఏమన్నా అయింటే మిమ్మల్నీ అడుగుతారు, నన్నూ అడుగుతారు."

"మా ఇంటి పిల్లలా చూసుకున్నాను నిన్ను."

"తెలుసు సార్. మరిచిపోను. అందుకే ఇన్నాళ్ళూ నోరు రాలే."

ఇనుప ముక్కల తట్ట దించి యల్లమ్మ అందుకుంది. "నన్ను గూడా డార్లింగ్ అంటాండారు సార్ ఈ మొగోళ్ళు. నాకు మనవరాలుండాది."

"సుమ్నే, ఊరికే తమాషాకి అంటిమి అక్కా," అన్నాడు సిద్ధేశ్.

"తమాషా నీకప్పా. నాకేంది తమాషా?"

ఈసారి నవ్వు సిద్ధేశ్ మీదికి తిరిగింది. హరిబాబు సార్ ముఖం ఎర్రబడింది. కోపమో, సిగ్గో తెలియలేదు. వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళిపోయారు. అమ్మ నాటు కూలి పోయినట్టేనని నేను అనుకున్నాను. వాకీలో గరగర తప్ప ఏమీ లేదు.

తర్వాత ఆయన గొంతు వచ్చింది. "రంజిత... సేఫ్టీ. రెండో దూలం రెడీ. ఎత్తమంటారా?"

బెల్టు చూశాను. కింద చూశాను. "ఆగండి. యల్లమ్మ ఇవతలికి రావాలి."

క్రేను కొక్కెం కదల్లేదు. యల్లమ్మ తట్ట ఎత్తుకుని తీరిగ్గా నడిచి వచ్చింది. అందరూ ఆగారు. అప్పుడు ఎత్తమన్నాను.

మర్నాడు అమ్మ ఎప్పటిలాగే క్యాంపుకు నాటుకు పోయింది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. హరిబాబు సార్ కొన్నాళ్ళు నాతో పని మాటలే మాట్లాడారు. ఇప్పుడు కాస్త నయం. ఒక్కోసారి నోరు జారి "బు" దాకా వచ్చి ఆగిపోతారు, మళ్ళీ బటన్ నొక్కి మొదటి నుంచి చెబుతారు. సిద్ధేశ్ "రంజితా మేడమ్" అని కావాలనే సాగదీస్తాడు. అదీ వెక్కిరింపేనని నాకు తెలుసు. కానీ ఆపమంటే ఆపుతున్నాడు. మిగతాది మెల్లగా నేర్చుకుంటాడు.