గాజుగిన్నెకు దిష్టి

తనకు కళ్లు తిరగడం మొదలైంది మా లేబొరేటరీ వల్లేనని అమ్మ వాదన. మొదట్లో నవ్వి ఊరుకున్నాను.

పోయినేడు అమ్మ ఇచ్చిన రక్తంలోంచి గుండె కణాలు పెంచాం. సోనారిలోని మా లేబొరేటరీలో, గాజుగిన్నె అడుగున గోరంత గ్రాఫీన్ రేకు మీద, గులాబీరంగు నీళ్లలో అవి కొట్టుకుంటున్నాయి. కణంలోకి సోడియం వెళ్లినా, పొటాషియం బయటికొచ్చినా ఆ రేకు పసిగడుతుంది. తెరమీద గీత కదులుతుంది. చూడవచ్చినవాళ్లందరికీ "ఇది మా అమ్మ గుండె" అని నేనే గొప్పగా చూపించేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆ గీత క్షణంపాటు ఆగి, మళ్లీ కదిలింది. అంతలో ఫోన్. సాక్చి బజారులో కూరగాయల కొట్టు ముందు అమ్మ కూలబడిందట. కాకతాళీయం అనుకున్నాను. కొన్నాళ్లకు గీత మళ్లీ ఆగింది. ఈసారి ఫోన్ మోగకముందే నేనే ఫోన్ చేశాను. అమ్మ మళ్లీ కూలబడిందట. డాక్టరేమో ఈసీజీ చూసి, మీ అమ్మ గుండ్రాయిలా ఉందన్నాడు.

"పదిమందికీ నా గుండె సూపించావు. కళ్లు పడ్డాయే అర్పితా," అంది అమ్మ. "నేనే వచ్చి దిష్టి తీత్తాను."

వద్దంటే వినే మనిషా! సీతారాండేరాలోని ఇంటి నుంచి ఆటో మాట్లాడుకుని, కొంగున రాళ్లుప్పు ముడేసుకుని వచ్చింది. నీళ్లు మార్చడానికి నేను అప్పుడే గిన్నె మూత తీశాను. నాతో పనిచేసే సుదీప్ నవ్వుతూ కుర్చీ జరిపాడు. అమ్మ కూర్చోలేదు. గుప్పిట్లోని ఉప్పును గిన్నె చుట్టూ మూడుసార్లు తిప్పి, "వచ్చినోళ్ల కళ్లు, పోయినోళ్ల కళ్లు, నా కూతురి కళ్లు" అని గొణిగింది.

దిష్టి తీసిన ఉప్పు నీళ్లలో వెయ్యాలి కదా. అది కరిగితేనే దిష్టి కరుగుతుంది. అమ్మకు ఎదురుగా కనబడ్డ నీళ్లు ఆ గిన్నెలోవే.

"ఆంటీ, నహీ!" అని సుదీప్ అరిచేసరికే ఉప్పు పడిపోయింది.

తెరమీద గీత పిచ్చెత్తినట్టు పైకి లేచి, దిగి, చదునైపోయింది. వెనక కుర్చీ కిర్రుమంది. అమ్మ అందులోకి ఒరిగిపోయింది. సుదీప్ ఆమె మణికట్టు పట్టుకుని చూశాడు. "నాడి అందట్లేదు," అంటూ ఆమెను కింద పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాడు.

నేను చదివిన చదువు ప్రకారం అమ్మ దగ్గరికే పరుగెత్తాలి. నేను గిన్నె దగ్గరికి పరుగెత్తాను. ఉప్పునీళ్లు లాగేశాను. కొత్తవి పోశాను. మళ్లీ లాగాను, మళ్లీ పోశాను. అమ్మ పోతుందేమోనని ప్రాణం కొట్టుకుపోతోంది. "కొట్టుకోవే అమ్మా, కొట్టుకో" అని ఆ గిన్నెకే చెప్పుకుని ఏడ్చాను.

గీత కాస్త ఎగిరింది. ఆగింది. మళ్లీ ఎగిరింది.

వెనక దగ్గు వినబడింది. అమ్మ కళ్లు తెరిచి, పెదాలు తడుపుకుని, మొహం చిట్లించింది.

"నోరంతా ఉప్పగా ఉందేటే? కాసిన్ని మంచినీళ్లియ్యి."