పుర్రచేతి ముడి

బావ కట్టే ముడిని బావమరిది కట్టకూడదని ఏ చట్టంలోనూ రాసి లేదు. అందుకే సదానందం మీద ముత్యం ఏ ఠాణా మెట్లూ ఎక్కలేదు, ఏ పంచాయితీలోనూ నోరు తెరవలేదు. కానీ పొద్దున మొకం కడుక్కునేటప్పుడు ఒకసారి, అన్నం ముందు కూర్చున్నప్పుడు ఒకసారి వాణ్ణి తలుచుకోకుండా ఉండడు. పరాయివాడు చేస్తే తిట్టి ఊరుకునేవాడు. చేసింది పెండ్లాం తమ్ముడు. ఆ ముడి నేర్పింది వాళ్ల నాయన.

ముత్యం గీత కార్మికుడు. ఐదో తరగతిలో బడి మానినప్పటి నుంచి చెట్లు ఎక్కడమే పని. పాత ఊళ్లో ఉన్నన్నాళ్లూ కల్లు అమ్మడం ఒక పని అని ఆయనకు తోచలేదు. గౌడు చెట్టు దిగేసరికి చెట్టు కిందే జనం ఉండేవాళ్లు. ఒక్కో ఇంటికి ఒక్కో వాడుక చెట్టు. ముసలి సారవ్వకు ఒర్రె అనే చిన్న వాగు పక్కనున్న ఈదు, అంటే ఈత చెట్టు. దాని కల్లు ఆమెకే, ఆమెకు వద్దంటే ఆమె చెప్పినవాళ్లకే. ఆకు దొప్పలో పోస్తే తాగి, మూతి తుడుచుకొని, ఇంటి ముచ్చట నాలుగు చెప్పి పోయేవాళ్లు. సీసా ఎందుకు, మూత ఎందుకు?

ఆ తర్వాత ఓపెన్‌కాస్టు వచ్చింది. బొగ్గు కోసం ఊరు ఊరంతా లేచి, సెంటినరీ కాలనీ దాటాక కట్టిన కొత్త కాలనీలో పడింది. ముత్యం పొలం కూడా పోయింది. కంపెనీ హద్దు రాళ్లకు అవతల ఒక్క ముక్క మిగిలింది. దాని గెట్ల మీద తాటిచెట్లు, ఈదులు, ఒర్రె పక్కన సారవ్వది కూడా, ఎక్కడివక్కడే నిలబడ్డాయి. వాటికి ఒకపక్క బొగ్గుబాయిలోంచి తవ్విపోసిన మట్టిగుట్ట, ఒకపక్క టిప్పర్ల రోడ్డు. చెట్లు అక్కడ ఉండిపోయాయి, తాగే నోళ్లు ఇక్కడికి వచ్చేశాయి. నడుమ మిగిలింది దుమ్ము.

కొత్త కాలనీలో కల్లు కాంపౌండును వేలంలో పాడుకున్నది సదానందం, ఇంకో ఇద్దరితో కలిసి. చెట్లు లేని చోట చెట్టు కల్లు ఎక్కడిది? సంచిలో మత్తు పొడి వచ్చేది, నీళ్లలో కలిసేది, తెల్లగా నురగ కట్టేది. డ్యూటీ దిగినవాడికి కావలసింది నిద్ర, ఆ కల్లు నిద్ర ఇచ్చేది. నాలుగు నెలలు తాగినవాడు ఒక్కరోజు మానితే చేతులు వణికి గోడ పట్టుకునేవాడు.

ముత్యానికి ఒకటే ఫికర్. తన వాడుక ఇళ్లు ఆ పొడికి అలవాటు పడకముందే తన కల్లు వాళ్ల గడప చేరాలి. నాలుక ఒకసారి మరిచిందంటే మళ్లీ గుర్తు చేయడం ఎవరి తరమూ కాదు. నాలుక మరిచాక గౌడు ఎందుకు, చెట్టు ఎందుకు?

మొదట నూనె క్యాన్లు కడిగి, వాటిలో పోసి మోపెడు మీద తెచ్చాడు. నురగ పొంగి మూతలు ఎగిరిపోతుంటే మూత తీసేసి గుడ్డ కప్పాడు. అంతే, మాటలు పుట్టాయి. మూత లేని కల్లును ఎట్ల నమ్మాలి, తొవ్వల ఏం కలిపిండో ఎవనికెరుక అన్నారు. పొడి కల్లును కళ్లు మూసుకొని తాగేవాళ్లే చెట్టు కల్లును అనుమానంగా చూశారు. సారవ్వ మాత్రం తాగేది. ఆమె ఒక్కతీ తాగితే మోపెడు పెట్రోలు కూడా రాదు.

అప్పుడు సదానందమే ఒక ఉపాయం చెప్పాడు. అప్పటికి ఇద్దరికీ మాటలున్నాయి. పాత సామాన్ల షాపులో బీరు సీసాలు కొను బావా, రేకు మూతలు ఒత్తే చేతి మిషను మంచిర్యాలలో దొరుకుతుంది, మూత చూస్తే ఎవడూ నోరు మెదపడు అన్నాడు. చెడు తలచి చెప్పిన మాట కాదది. ముత్యం పోయి మిషను తెచ్చుకున్నాడు. కానీ చెట్టు దిగిన కల్లు ఊరికే ఉండే వస్తువు కాదు, లోపల్లోపల పొంగుతూనే ఉంటుంది. గతుకుల్లో ఊగి, ఎండ తగిలి, కాలనీ మలుపు దగ్గరికి వచ్చేసరికి సీసాలు ఒకదాని వెనుక ఒకటి పగిలాయి. తలనుంచి కాళ్లదాకా కల్లుతో తడిసి, చుట్టూ గాజు పెంకులతో ముత్యం నడిరోడ్డు మీద నిలబడ్డాడు.

సారవ్వ కొడుకు రాజం అటుగా వస్తున్నాడు. ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషి, మొకమంతా మట్టి.

"బాయిల బ్లాస్టింగు రెండు గంటలకు పెడ్తరు. నీది ఎన్నింటికి ముత్యమన్నా? ముందుగాల జర సైరన్ కొట్టియ్యరాదే."

రోడ్డు మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. ముత్యం కూడా నవ్వాడు. ఇంటికి పోయాక మాత్రం మిషనును మంచం కిందికి తన్ని పడుకున్నాడు. మూత బిగిస్తే పగులుతుంది. మూత తీస్తే నమ్మరు. ఈ రెంటికీ నడుమ తొవ్వ ఏదీ?

తొవ్వ చూపింది పెండ్లాం పూలమ్మ. ఆమె చెట్టు ఎక్కకపోయినా గౌడు బిడ్డ, గౌడు పెండ్లాం. వాకిట్లో మిగిలిన సీసాలు కడుగుతూ అంది: "సీస మూతి గూడ లొట్టి మూతి అసొంటిదే గదా. చెట్టు మీది లొట్టికి రేకు మూత ఎవలన్న పెట్టిన్రా?"

తాటిమట్ట మొదట్లో వలలాగా అల్లుకొని ఒక పీచు ఉంటుంది, లొట్టి అనే కల్లుకుండ మూతికి కప్పేది అదే. దాన్ని ముక్కలు కోసి సీసా మూతి మీద పరిచింది. మెడ చుట్టూ చీల్చిన ఈతాకు తిప్పి, తండ్రి నర్సింగం నేర్పిన ముడి వేసింది. గాలి బయటికి పోతుంది, ఈగ లోపలికి రాదు. ఆ ముడికి ఒక గుణం ఉంది. విప్పడం కుదరదు, ఆకు చింపాల్సిందే. చినిగిన ఆకుతో మళ్లీ కట్టడమూ కుదరదు. నర్సింగం దాన్ని కొడుకుకు, బిడ్డకు, ఇంటికి వచ్చిన అల్లుడికి, ముగ్గురికే నేర్పి పోయాడు. పూలమ్మది పుర్రచెయ్యి. అన్నం తినడం తప్ప అన్ని పనులూ ఎడమచేత్తోనే. సీసాలన్నీ కట్టేది ఆమే కాబట్టి ముడి మెలిక ఎప్పుడూ ఎడమకే తిరిగి ఉంటుంది. అది ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ పట్టదు.

సారవ్వ మొదటి సీసా ముడి చింపి, వాసన చూసి, ఒక గుటక మింగి, "నా ఈదుదే" అంది. ఆ మాట కాలనీలో నాలుగు గల్లీలు తిరిగింది. ఎండాకాలం నడిమికల్లా దానికి ముడి సీసా అని పేరు పడింది. పెళ్లి చూపులకు పోయేవాళ్లు, కాసిపేటలో చుట్టాలున్నవాళ్లు సంచిలో పెట్టుకొని బస్సెక్కేవాళ్లు. చెట్ల దగ్గర అమ్మాల్సిన కల్లు ఇంత దూరం ఎందుకొచ్చిందని ఆబ్కారీ జవాను ఒకరోజు గట్టిగానే అడిగాడు. అడిగి, రెండు సీసాలు పరీక్షకని తీసుకుపోయాడు. మరునాడు ఇంకో రెండు పరీక్షలు చేశాడు.

కాంపౌండు బోసిపోయింది. ఒకరోజు పొద్దున, చాయ హోటల్ దగ్గర సదానందం బావ పక్కన వచ్చి కూర్చున్నాడు. వేలానికి తెచ్చిన అప్పు గురించి చెప్పాడు. వేలంలో కలిసిన పాలివాళ్లు ఇంటి ముందుకొచ్చి అరుస్తున్నారని చెప్పాడు. చివరికి, గొంతు తగ్గించి అడిగాడు.

"ముడి సీసలు నా కాంపౌండుల పెట్టరాదు బావా. మందిని నువ్వు గుంజినవ్. నేనేడికి పోవాలె?"

మెల్లగా అడిగినదానికి మెల్లగా జవాబు చెప్పి ఉంటే ఏమయ్యేదో. ముత్యానికి ఆ నెలల్లో కాలు నేల మీద లేదు.

"నీ పొడికి నా ముడి కట్టాల్నారా?" అన్నాడు అందరికీ వినబడేలా.

హోటలంతా నవ్వింది. సదానందం సగం చాయ బల్ల మీద పెట్టి లేచిపోయాడు. వాడి మొకం అప్పుడు చూడాల్సింది. ముత్యం చూడలేదు, నవ్వినవాళ్లను చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఏడు దసరాకు సకల జనుల సమ్మె నడుస్తోంది. బాయిలు బందు, బస్సులు బందు, జీతాలు బందు. పండుగ నాడు ముత్యం సీసాలు వేసుకొని బయల్దేరితే టిప్పర్ల రోడ్డు మీద రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. పోనియ్యమని అడిగితే, తెలంగాణ రాకముందే నీ కల్లు పోవాల్నా అన్నా, కూసో అన్నారు. ఆయనకూ ఉత్సాహం వచ్చింది. తెచ్చిన సీసాలన్నీ అక్కడే పంచిపెట్టి, వాళ్ల పులిహోర తిని, ఖాళీ మోపెడుతో ఇంటికి వచ్చాడు. ఆ రోజు కాలనీకి ఆయన సీసా ఒక్కటీ పోలేదు.

సాయంత్రం కబురొచ్చింది. సారవ్వ పండుగ పూట ముడి సీసా తాగి పడిపోయింది, లేపితే లేవడం లేదు, గోదావరిఖనిలో ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయారు.

ముత్యం, పూలమ్మ పోయేసరికి ఆమె ముక్కుకు గొట్టం పెట్టి ఉంది. వరండాలో రాజం గోడకు ఆనుకొని నిలబడ్డాడు. సమ్మెలో కూలి లేదు. కాంట్రాక్టు మనిషి కాబట్టి కంపెనీ దవాఖాన కార్డూ లేదు. చేతిలో సీసా ఉంది. డాక్టరు చూస్తానంటే తెచ్చాడట. ముడి సీసాలు ఎప్పుడూ దొరికే కాలనీ కిరాణా షాపులోనే కొన్నది. సీసా మెడకు చినిగిన ఆకు ఇంకా వేలాడుతోంది.

మెలిక కుడికి తిరిగి ఉంది.

ముత్యం చూశాడు. చూసిన క్షణమే అంతా తెలిసింది. రోడ్డు బందయిందని, బావ రాడని తెలిసి ఎవడు కట్టాడో, ఎవడు బావ పేరు చెప్పి షాపుకు పంపాడో. పక్కకు తిరిగితే పూలమ్మ కూడా ఆ మెలికనే చూస్తోంది. "ఇటియ్యి రాజం, వాసన చూస్త" అని సీసా అందుకుంది. వాసన చూసి తిరిగి ఇచ్చేటప్పటికి సీసా మెడకు ఆకు లేదు. ఆమె కొంగు చివర చిన్న మూట ఉంది. మొగుడి మొకం చూడలేదు. నేల చూస్తూ నిలబడింది.

"ముత్యమన్నా, ఒక్క మాట చెప్పు" అన్నాడు రాజం. "ముడి నీదేనా?"

కాదు అంటే అయిపోయేది. రోడ్డు మీద తన సీసాలు తాగినవాళ్లంతా సాక్ష్యం. కానీ కాదంటే, ఎవనిది అని అడుగుతారు. ఆ ముడి వేయగల చేతులు ఇంక ఎన్ని ఉన్నాయి? తెల్లారేలోపు కాలనీ జనం కట్టెలు పట్టుకొని సదానందం ఇంటి మీద పడతారు, ప్రాణంతో మిగిలితే పోలీసులు తీసుకుపోతారు. పూలమ్మకు తల్లిగారిల్లంటే వాడే. ఇంకొకటి కూడా ఉంది. ముడిని ఇంకొకడు కట్టగలడని ఈ నోటితో చెబితే, రేపటి నుంచి ముడి ఉత్త ఆకు.

"నాదే" అన్నాడు ముత్యం.

"కొడ్దామంటె చెయ్యి లేస్తలేదన్నా. నీ చెట్ల కింద పెరిగినోణ్ణి" అన్నాడు రాజం, మొకం గోడ వైపు తిప్పుకొని.

దవాఖాన ఖర్చంతా నాదే అని ముత్యం చెప్పాడు. చెప్పడం సులువు. నష్టపరిహారం డబ్బులు కొత్త ఇంటి గోడల్లో కలిసిపోయాయి. అమ్మడానికి మిగిలింది హద్దు రాళ్ల అవతలి ముక్క ఒక్కటే. టిప్పర్లు ఆపుకోవడానికి జాగా కావాలని ఒక కాంట్రాక్టరు ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. వారం తిరిగేలోపు కాగితాలయ్యాయి. ఆ పై వారం చెట్లు కొట్టే మిషను వచ్చింది. ముత్యం పోలేదు, చూడలేదు.

సదానందం ఒకసారి వచ్చాడు. వాకిట్లో నిలబడి, లోపలికి రమ్మంటారేమోనని చూశాడు. పూలమ్మ బయటికి వచ్చి, కొంగు మూట విప్పి, వాడిపోయిన ఆకును తమ్ముడి చేతిలో పెట్టి తలుపు వేసుకుంది. వాడు ఆ ఆకును అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో పెట్టుకొని పోయాడు. తిట్టి ఉంటే వాడికీ కొంత తేలికయ్యేదేమో.

సారవ్వ బతికింది. మాట కాస్త మొద్దుబారింది, ఎడమకాలు ఈడుస్తుంది. ఇంటికి వచ్చిన నాడు ముత్యం చూడబోయాడు. రాజం పీట వేశాడు కానీ మొకం ఎత్తలేదు. ముసలిది ముత్యం చెయ్యి పట్టుకొని దగ్గరికి లాక్కుంది.

"నువ్వెందుకు ఖర్చు పెట్టినవ్ కొడుకా? అది నీ కల్లు గాదు. నా ఈదు కల్లు నాకు తెల్వదా?"

రాజం తలెత్తాడు. "మరెందుకు తాగినవే అవ్వా?"

"నోట్లె పోసుకుంటె చేదున్నది. జరమొచ్చిందేమో, నా నోరే చేదైందేమో అనుకున్న. ముడి ఉన్నది గదారా" అంది సారవ్వ.

రాజం లేచి ముత్యం ముందు కూర్చున్నాడు.

"ఎవని ముడన్నా అది? చెప్పు. నాకొక్కనికి చెప్పు."

"నాదే అని చెప్పిన గదా" అన్నాడు ముత్యం.

సారవ్వ ఇద్దరినీ చూసింది. ఏం అర్థమైందో, చెయ్యి వదల్లేదు. "సరే తియ్. రేపు నా ఈదుది ఒక సీస తెచ్చియ్యి. నోరు కడుక్కుంట" అంది.

ముత్యం ఆమె చేతిలోంచి చెయ్యి విడిపించుకున్నాడు. లేచి బయటికి వచ్చి, ఎవరూ లేని చోట నిలబడి, సదానందాన్ని వాడి పేరు పెట్టి తిట్టుకున్నాడు. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆపలేదు. పోయింది పదిహేడు గుంటల నేల. తాటిచెట్లు తొమ్మిది, ఈదులు పద్నాలుగు, ఒర్రె పక్కన సారవ్వది కలుపుకొని.