యాభై రెండు పౌన్ల విల్లు

మంచె మీద కూర్చున్న లైల్‌కి పదిహేను గజాల దూరంలో కొమ్ముల జింక వచ్చి నిలబడింది. దేవదారు చిత్తడిలో తెల్లవారుజాము మంచు ఇంకా విడలేదు. విల్లెత్తి నారి లాగాడు. సగం వచ్చాక కుడి భుజం మొరాయించింది. ఈసారి విల్లును ఆకాశంకేసి ఎత్తి, ఉన్న బలమంతా కూడగట్టి గుంజాడు. ఆ కదలిక చాలు, జింక తెల్లటి తోక ఎగరేసి పొదల్లో కలిసిపోయింది.

అది డెబ్బై పౌన్ల కప్పీల విల్లు. అంత బరువు ఎత్తే సత్తువ ఉంటే గాని నారి వెనక్కి రాదు. లైల్ పెళ్ళి చేసుకోలేదు. కుర్రతనం నుంచీ చెల్లెలి మొగుడు ఐనోతోనే వేటకి వచ్చేవాడు. "డెబ్బైకి తగ్గితే అది విల్లు కాదు బావా, చీపురుపుల్ల," అనేవాడు ఐనో. మొన్న మార్చిలో ఐనో పోయాడు. చెల్లెలు కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు లైల్ విల్లులమ్మే డోరిన్ కొట్టుకి వెళ్ళి, నారి పాతబడిందేమో చూడమన్నాడు. ఆమె నారిని కాదు, అతని భుజాన్ని చూసింది. ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, పాదాలు నేల మీంచి ఎత్తి, విల్లు పైకెత్తకుండా మెల్లగా లాగమంది. డెబ్బై రాలేదు. బోల్టులు వదులు చేసి అరవైకి దించినా మొహం కందిపోయింది. వేరే విల్లు అందించింది. యాభై రెండు దగ్గర నారి చప్పుడు లేకుండా చెంపదాకా వచ్చింది.

"ఇదీ మీ బరువు."

"పిల్లల విల్లమ్మా ఇది."

"చలికి బిగుసుకుపోయి కూర్చున్నాక కూడా లాగగలిగిందే మీ బరువు. దీంతోనూ బాణం దిగుతుంది. ఇరవై గజాలు దాటితే మాత్రం ఆశపడకండి."

ఐనో ఉంటే ఈ వేటకాలమంతా ఏడిపించి ఉండేవాడు. ఇప్పుడు ఏడిపించేవాళ్ళే లేరు. లైల్‌కి అదే ఎక్కువ గుచ్చుకుంది. కొత్తది కొనకుండా, తన విల్లుకే వంగే బద్దలు తీయించి యాభై రెండు పౌన్లవి వేయించుకున్నాడు.

తర్వాతి వారం మంచె కిందికి ఆడజింక వచ్చింది. అది తల వంచి మేస్తుండగా కూర్చున్నచోటే నారి లాగి వదిలాడు. జింక పొద దాటకుండానే కూలిపోయింది. కళ్ళు మూతపడని ఆ తల మీద కాసేపు చెయ్యి వేసి ఉంచాడు. తాడు కట్టి లాక్కుంటూ, మధ్యమధ్య కూలబడుతూ మధ్యాహ్నానికి రోడ్డు చేరాడు. బండిలోకి ఎత్తడం మాత్రం ఒంటిచేతి పని కాదు. ఎవరైనా వస్తారేమోనని చూస్తూ కూర్చున్నాడు.

చాలాసేపటికి ఒకతను బండి ఆపి చెయ్యి వేశాడు.

"ఒక్కడివే వచ్చావా పెద్దాయనా?"

"ఈ ఏడు ఒక్కణ్ణే."

మంచి వేట పడిందని మెచ్చుకుని అతను వెళ్ళిపోయాడు.

సాయంత్రం లైల్ కార్జం కోసి, ఉల్లిపాయలతో వేయించుకున్నాడు. చెయ్యి అలవాటున ఇద్దరికి సరిపడా వండింది. తన వంతు తిన్నాడు. పారెయ్యడానికి మనసొప్పక, మిగిలింది కూడా మెల్లగా తనే తిన్నాడు.