చింతపండు జాడీలో ప్రధాన సంఖ్య

నేను ఒక ప్రధాన సంఖ్యను. మూడు వందల పైచిలుకు అంకెల పొడవు. నన్ను శేషం లేకుండా భాగించగలిగినవి రెండే: ఒకటి, మళ్ళీ నేనే. ఇంకెవరు కత్తి దూసినా ఎంతోకొంత మిగిలి తీరుతుంది.

నా పుట్టుకే ఒక ఊచకోత. నాగావళి ఒడ్డున పెళ్ళి వీడియోలు తీసే గౌరీశు కంప్యూటరు బేసి సంఖ్యలను లాక్కొచ్చి నరికింది. ఒకటి మూడు అనే కత్తి దెబ్బకు పోయింది, ఇంకోటి పదమూడుకు. చిన్న కత్తులకు లొంగనివాటిని పెద్ద పరీక్షలు పెట్టి చంపింది. చివరికి నేనూ, నాలాంటి మరొకటీ బతికాం. మా ఇద్దరినీ గుణించి గౌరీశు ఒక తాళం చేశాడు. గుణించడం రెప్పపాటు పని. ఆ లబ్ధాన్ని చూసి మమ్మల్ని విడదీయాలంటే మాత్రం మనిషికి జన్మలు చాలవు. అయితే మాలో ఒక్కరు దొరికినా చాలు, రెండోది బయటపడుతుంది.

ఆ తాళం వెనక ఒక చావుంది. ఇసుక లారీకి అడ్డం నిలబడ్డ తవిటినాయుడనే రైతును డ్రైవరు తొక్కించి, వెనక్కి నడిపి మళ్ళీ తొక్కించాడు. అదంతా గౌరీశు కెమెరాలో పడింది. తాళం వేసిన వీడియోను పట్నంలోని లాయరమ్మకు పంపి, తెరిచే మమ్మల్ని కోర్టు వాయిదా దాకా ఇంట్లో కంప్యూటరులోనే ఉంచాడు.

అతని తల్లి అప్పలనరసమ్మ ఐదో తరగతి చదివింది. గాలికి తలుపు కొట్టుకున్నా కొడుక్కేదో అయిందనుకునే మనిషి.

"ఆ పెట్టె ఎవులైనా ఎత్తుకుపోతేనో నాయినా? ఇంకోటి సేసి నాకియ్యి."

"నీకన్నీ సెడ్డ ఊహలేనే అమ్మా!" నవ్వుతూ గౌరీశు నన్ను పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాడు. ఆమె కవర్లో చుట్టి చింతపండు జాడీ అడుగున దాచింది.

ఒక మిట్టమధ్యాహ్నం లారీల యజమాని మనుషులు ఇంట్లోకి దూరారు. గునపంతో కంప్యూటరును పచ్చడి చేశారు. నా జోడు అందులోనే పోయింది. తర్వాత గౌరీశు కుడిచేతిని సన్నికల్లు మీద పెట్టి, సుత్తి ఎత్తారు.

"ఇంకెక్కడైనా ఉందేటే ముసలీ?"

ఒక వేలు విరిగింది. జాడీలో నాకు వినబడింది. నేను విరగనిదాన్ని, వేళ్ళు అలా కాదు. ఇచ్చెయ్యి తల్లీ అనుకున్నాను. ఇంకో వేలు విరిగింది. గౌరీశు కేకలకు పొరుగిళ్ళ తలుపులు మూసుకున్నాయి.

"నేదు బాబూ! ఉన్నదా పెట్టొక్కటే, ముక్కలు సేసీసినారు గదా!"

ఆమె కడుపులో ఒక తన్ను తన్ని వెళ్ళిపోయారు.

ఆసుపత్రిలో గౌరీశు అడిగాడట, "ఎలాగోర్సుకున్నావే?" అని.

"ఇచ్చీత్తే ఒగ్గీత్తారేటి? ఇంకా ఎన్ని దాసినామోనని ఇద్దరినీ సంపీసి ఏటి ఇసకలో కప్పీదురు."

వాయిదా రోజు అప్పలనరసమ్మ జాడీలోంచి తీసిచ్చిన నాతో లాయరమ్మ ఆ లబ్ధాన్ని భాగించింది. ముక్కలైపోయిన నా జోడు శేషం లేకుండా లేచొచ్చింది. తాళం తెరుచుకుంది. తవిటినాయుడు మాత్రం లేవలేదు. కోర్టులో తెర మీద, అందరి ముందూ మళ్ళీ లారీ కింద నలిగాడు. యజమాని తల దించుకున్నాడు. అప్పలనరసమ్మ కళ్ళు మూసుకుని కూచుంది.

బయటికొచ్చాక చెయ్యి చాపింది. "దాన్నిటియ్యమ్మా."

"ఇంక దాని పనైపోయిందమ్మా."

"ఆల్లు పైకోర్టుకెళ్తేనో?"

మళ్ళీ జాడీలోకే వచ్చాను. నన్ను ముక్కలు చేసే కత్తి లోకంలో లేదు. ఆమె మాత్రం చింతపండు ఉప్పుకి కరిగిపోతానేమోనని రోజూ మూత తీసి తడుముతుంది. తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని, తిన్నగా రాని వేళ్ళను తడుముతుంది.