నలభై ఒకటో ఇల్లు

గౌరీశ్వరికి ఒళ్ళు మండింది. మండదా మరి? మూడేళ్ళు జాలరిపేట ఇసకలో కాళ్ళు కాల్చుకుని నూట ఇరవై ఇళ్ళ వివరాలు పోగేసి, ఇంటికో పంచ్ కార్డు చేయిస్తే, గైడు త్రినాథరావుగారు కుర్చీలోంచి కదలకుండా ఇరవై మూడిళ్ళు తీసెయ్యమన్నారు.

"వాటికి మూడో ఏడు వేట గడి ఖాళీగా ఉంది కదమ్మా. ప్రతి ఇంటినీ మూడేళ్ళూ చూడాలి, అదే మన పద్ధతి. ఖాళీలున్న కార్డులు తీసేసి మిగతావి కంప్యూటరు సెంటర్లో ఇవ్వు. తొంభై ఏడిళ్ళు చాలు."

కొత్త నైలాన్ వలలు ఇచ్చాక వేటలో పడే చేపలు పెరిగాయా అన్నదే ఆమె ఎం.ఫిల్. ప్రశ్న. ఆ తొంభై ఏడిళ్ళలో పదోవంతు పెరిగాయి. వలలు పంచిన ఆఫీసుకు కావలసింది ఆ మాటే. ఆ ఆఫీసు ఇవ్వబోయే ప్రాజెక్టు మీద సారుకు కన్నుంది. ఆయన సంతకం పెడితే వచ్చే నెల వైవా, ఆపైన ఆమెకు కాలేజీలో ఉద్యోగం.

మూడో ఏడు ఆ ఇళ్ళ ఫారాలు నింపింది సర్వేలో ఆమెకు సాయం చేసిన అర్జునరావు. గడులు ఎందుకు వదిలేశావని అడిగితే, "వాళ్ళు వేటకెళ్ళట్లేదు మేడమ్, ఏం రాయను?" అన్నాడు చాలా తేలిగ్గా.

మర్నాడు పొద్దున్నే ఆమె పేటకెళ్ళింది. నలభై ఒకటో ఇంటి తలుపు మీద సర్వేకోసం తారుతో వేసిన అంకె అలాగే ఉంది. మొదటి ఏడు పేటలో అందరికన్నా ఎక్కువ చేపలు తెచ్చిన గురువులు ఇల్లది. కిందటేడు తుఫానుకు అతని పడవ తిరిగిరాలేదు. భార్య చిట్టమ్మ హార్బరుకెళ్ళడానికి గంప సర్దుకుంటోంది.

"ఏటమ్మా, రెండేళ్ళు గుమ్మం తొక్కినావు, ఈ ఏడు మా ఇంటికి రానేదు?"

గౌరీశ్వరికి మొహం చెల్లలేదు. వేట గడి ఖాళీగా ఉందని, అందుకని ఈ ఇల్లు లెక్కలోంచి తీసేస్తున్నారని నసిగింది.

"వేట నేదు. నేదంటే సున్నా గదా, సున్నా ఏస్కో. నానున్నాను, పిల్లలున్నారు, తలుపు మీద నువ్వేసిన నంబరుంది. ఇల్లు నేదంటావేటి?"

అక్కడే నిలబడి సున్నా వేసింది. వారంరోజులు తిరిగి మరో పద్దెనిమిది ఇళ్ళవాళ్ళను పట్టుకుంది. కొందరు కూలికెళ్తున్నారు, కొందరు వలలు అమ్ముకున్నారు. వేట ఎవరికీ లేదు. మిగతా నాలుగిళ్ళవాళ్ళూ ఎక్కడికెళ్ళారో తెలియలేదు. ఆ గడులు ఖాళీగానే ఉంచి, దొరకలేదని రాసింది. కార్డులు మళ్ళీ పంచ్ చేయించి చూస్తే, సగటున మొదటి ఏడుకన్నా చేపలు తగ్గాయి.

త్రినాథరావుగారు కాగితం పక్కకి తోసేశారు. "ఈ సున్నాలు ఎక్కణ్ణించి తెచ్చావు?"

"వెళ్ళి అడిగి తెచ్చాను సార్. మనం చెయ్యాల్సిన పనే అది."

"దీనికి నేను సంతకం పెట్టను. ఈ ఏడు నీకు వైవా లేదు."

"పెట్టకండి సార్. నలభై ఒకటో ఇల్లు లేని లెక్క కింద నా పేరూ ఉండదు."

కార్డుల కట్ట చంకన పెట్టుకుని బయటికొచ్చేసింది. మెట్ల మీద రబ్బరుబ్యాండు తెగి కార్డులన్నీ చెల్లాచెదురయ్యాయి. కూర్చుని ఒక్కొక్కటే ఏరి, వరసలో పెట్టి, మళ్ళీ లెక్కపెట్టుకుంది. నూట ఇరవై ఉన్నాయి.