కుర్చీకి అంటించిన పట్టీ

పెద్ద నర్సుకి చప్పుడంటే గిట్టదు. మనుషులు మూలిగినా ఓర్చుకుంటుంది కానీ మిషన్ కూసిందంటే ఇంతెత్తున లేస్తుంది. డయాలిసిస్ వార్డులో ఎనిమిది కుర్చీలు. ఎనిమిదింటికీ ఈమధ్యే కొత్త పట్టీలొచ్చాయి. సూది గుచ్చినచోట గాజుగుడ్డ మీద అంటిస్తే, పట్టీలోని చిన్న దీపం ఆ గుడ్డని కనిపెట్టుకుని ఉంటుంది. సూది ఊడి గుడ్డకి రక్తం తగిలితే కూసి, రక్తాన్ని తోడే పంపు ఆపేస్తుంది. మంచి వస్తువే. కాకపోతే చెమట పట్టినా కూస్తుంది.

దానికి పెద్ద నర్సు కనిపెట్టిన విరుగుడు, పట్టీని రోగికి కాకుండా కుర్చీకి, వెనకవైపు అంటించడం. కుర్చీకి చెమట పట్టదు కాబట్టి మిషన్ తెర మీద పచ్చరంగు వెలుగుతూనే ఉంటుంది. "కుర్చీల ఆరోగ్యం భేషుగ్గా ఉంది" అని మొదటిరోజు వెటకారమాడిన చిన్న నర్సు, రెండో వారానికల్లా తనూ కుర్చీకే అంటించసాగింది. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. ఎదురుచెప్పే ధైర్యం లేకపోయింది.

ఆ ఉదయం మూడో కుర్చీలో దర్జీ బాబాయి చలిగా ఉందంటూ దుప్పటి మెడదాకా లాక్కుని నిద్రపోయాడు. అతని పట్టీ కుర్చీకి అంటించింది చిన్న నర్సే.

ఐదో కుర్చీలో ఆరోజే చేరిన ముసలావిడ, పెద్ద నర్సు కన్నతల్లి. ఆవిడ రక్తపోటు చూడబోయిన చిన్న నర్సు ఉన్నచోటనే నిలబడిపోయింది. పట్టీ చేతికే ఉంది. చెమట తుడిచి, అంచులు నొక్కి నొక్కి మరీ అంటించారు.

"ఇది కూయదా అక్కా?"

"కూస్తే కూయనీ. అమ్మ కదా" అంది పెద్ద నర్సు, తల్లి దుప్పటి సర్దుతూ.

ఇన్నాళ్లూ అది బద్ధకమనుకుంది చిన్న నర్సు. కాదు, ఈవిడకి అంతా తెలుసు. ఎవరి ప్రాణం ఎంతో లెక్కకట్టుకునే ఈ పని చేస్తోంది. ఆ మాటకి అలవాటుకొద్దీ తలూపిన తన మీద తనకే రోత పుట్టింది.

విసవిసా మూడో కుర్చీ దగ్గరికి నడిచింది. దర్జీ పట్టీ ఊడదీసి, చేతికి పెడదామని దుప్పటి ఎత్తింది.

వెచ్చగా, జిగటగా వేళ్లకి తగిలింది. రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్లే సూది ఊడి పక్కన పడుంది. పంపు అతని రక్తాన్ని తాపీగా కుర్చీలోకి తోడిపోస్తోంది. తెర మాత్రం పచ్చగా వెలుగుతోంది. ఆమె పంపు ఆపి, గొట్టానికి క్లిప్పు వేసి, సూది ఊడినచోట అదిమిపట్టి డాక్టరుని కేకేసింది.

దర్జీ కళ్లు తెరిచేసరికి గంట పట్టింది. గండం గడిచిందన్నాడు డాక్టరు.

"ముందు ఎవరు చూశారు?"

"మిషన్ కూసింది సార్, పరిగెత్తాం" అంది పెద్ద నర్సు, తడుముకోకుండా.

దర్జీ నీరసంగా చిన్న నర్సు చెయ్యి పట్టుకున్నాడు. "పొద్దున ఆ పట్టీ పెట్టింది నువ్వేగా. చల్లగా ఉండు తల్లీ."

పెద్ద నర్సు కళ్లతోనే గదమాయించింది. చిన్న నర్సు గోళ్ల సందుల్లో అతని రక్తం ఇంకా ఎండలేదు.

"మిషన్ కూయలేదు బాబాయ్. పట్టీ నీ చేతికి పెట్టలేదు, కుర్చీకి అంటించాను. తెలిసే అంటించాను."

దర్జీ మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.