పేజీ తిప్పేలోపు

పంపు మూతను ఎడమ చేత్తో పట్టుకుని, షబానా తాను రాసిన వాక్యాన్ని పైకి చదివింది. చదివినట్టే తిప్పింది. మూత బిగుసుకుంది. ఆ వాక్యాన్ని అలాగే ఉంచి తర్వాతి దానికి వెళ్లింది.

ఆదోనిలో పంటలకు మందు కొట్టే పంపులు తయారుచేసే కంపెనీ అది. పెట్టెలో పంపుతోపాటు వచ్చే చిన్న పుస్తకం రాయడం ఆమె పని. దాని మీద రాసినవాళ్ల పేరుండదు. నలభై దాటిన మనిషి. సన్నటి ముఖం, ముక్కు మీద కళ్లజోడు ఒత్తిన గుర్తులు, గ్రీజుకు నల్లబడిన బొటనవేలి గోరు. రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చిపోతుంది.

ఈమధ్య ఆ పుస్తకాన్నే ఫోన్లో చూసేలా కంప్యూటర్లోకి ఎక్కించమన్నారు. పెట్టె మీది కోడ్‌ను స్కాన్ చేస్తే ఒక్కో పనీ ఒక్కో తెర మీద వస్తుంది. అచ్చు ఆగిపోతే ఇక తనతో పనేముంటుంది? ఆ బెంగతో ఆమె ఆ పని మాత్రం నానుస్తూ వచ్చింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవబోతుంటే, పుస్తకం వెనక అచ్చువేసిన నంబరుకు ఫోను వచ్చింది. అవతల ఒక ఆడమనిషి గొంతు వణుకుతోంది.

“అమ్మా, సి.బెళగల్ నుంచి ఉరుకుందమ్మను. మా ఆయప్ప పంపు మూత తిప్పినాడు. మందు ఎగిరి కండ్లల్లో పడింది!”

“ముందు నీళ్లు పొయ్యక్కా. పావుగంట ఆపకుండా కండ్లు కడుగు. మందు డబ్బా ఎత్తుకొని ఆస్పత్రికి పోండి.”

ఫోను పెట్టేసి షబానా పుస్తకం తెరిచింది. పేజీ చివర, ‘మూత తిప్పి తీయండి.’ పేజీ తిప్పితే పైన, ‘అయితే ముందుగా లోపలి గాలి వదలాలి.’ పేజీ తిప్పేలోపు ఎవరైనా మూత తీసేస్తారు. ఆ పుస్తకాలు ఎన్ని ఊళ్లకు పోయాయో!

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇన్నాళ్లూ నాన్చిన పని మొదలుపెట్టింది. గాలి వదలడాన్ని, మూత తీయడం కన్నా ముందు వచ్చే తెర మీదికి తెచ్చింది. పంపును ఒళ్లో పెట్టుకుని, గాలి వదిలే మీట మీద తన వేలు ఆనించి ఫొటో తీసి అక్కడ చేర్చింది. మేనేజర్ తిరుపాల్ వచ్చి, జరిగింది విని, “పాత పుస్తకాలున్నోళ్లకూ తెలియల్ల. అంగళ్లోళ్లందరికీ ఇప్పుడే ఫోన్లో మెసేజీ పంపు” అన్నాడు. ఆమె పంపింది. తన ఫోన్‌తో పెట్టె మీది కోడ్ స్కాన్ చేసి చూసింది. కొత్త మాట అప్పుడే వచ్చేసింది. అచ్చు పుస్తకమైతే పెట్టెలన్నీ అమ్ముడుపోయి మళ్లీ అచ్చువేసేదాకా ఆగాల్సిందే.

అన్నం డబ్బా తెరవనే లేదు. ఫోను వంకే చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి అది మోగింది.

“కండ్లకు ఏం కాలేదంటమ్మా. ఎర్రగుండాయి, అంతే. టీ తాగుతాండాడు” అంది ఉరుకుందమ్మ.

షబానా కళ్లజోడు తీసి అరచేతుల్లో ముఖం దాచుకుంది. “యా అల్లా” అని గట్టిగా ఊపిరి వదిలింది.

ఇంటికి బయలుదేరుతుంటే తిరుపాల్ గుమ్మంలో నిలబడ్డాడు.

“పుస్తకం ఇంక అచ్చేయం షబానా.”

“నా పని పోయినట్టేనా అన్నా?”

“యాడికి పోతాది? మన పంపులన్నిటికీ ఇట్లనే రాయల్ల. ఇంటికాడ్నుంచే రాయి. సోమవారం నుంచి ఇంత దూరం రావాల్సిన పన్లేదు.”

ఆమెకు నవ్వు ఆగలేదు. ఎమ్మిగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సగం దారి కాకముందే నిద్రపోయింది.

ఆదోనిలో ఆమె పనిచేసిన గదికి తాళం పడింది. ఆమె కుర్చీలో, ఇంటి నుంచి తెచ్చుకున్న నీలం దిండు, మధ్యలో గుంటపడి, అలాగే ఉంది.